కొండ మీద ఇల్లు, కనపడని సముద్రం

ప్రశ్న: మాది విశాఖపట్నం విశాలాక్షినగర్‌లో కొండ వాలు మీద ఇల్లు. 1987లో మామయ్యగారు కట్టించారు. పిల్లర్లు లేవు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడల మీదే స్లాబు. తూర్పున సముద్రం, పడమట కొండ. పేరుకి సీ వ్యూ ఇల్లే గానీ, హాల్లో కూర్చుంటే ఆకాశం, దాని కింద ఓ నీలం గీత తప్ప ఏమీ కనపడదు. అలలు చూడాలంటే లేచి వరండాలోకి వెళ్లాలి. హాలు కిటికీలు నాలుగడుగుల వెడల్పు, నేలకి మూడడుగుల ఎత్తున ఉన్నాయి. ముందు నాలుగడుగుల వరండా, దానికి మూడున్నర అడుగుల ఇటుక పిట్టగోడ. వెనక రెండు పడగ్గదుల్లో పట్టపగలే లైటు వేసుకోవాలి, గోడలకి చెమ్మ. కాంట్రాక్టరు హాలు తూర్పు గోడ పదహారు అడుగులూ తీసేసి నిలువెత్తు అద్దం పెడదామంటున్నాడు. అత్తయ్యగారు మాత్రం "హుద్‌హుద్ తుపాను అప్పుడే మర్చిపోయారా?" అని ఒకటే మాట. ఇంకో సంగతి, అన్నిటికంటే మంచి వ్యూ ఉన్న ఆగ్నేయం మూలలో వంటిల్లు ఉంది. దాన్ని వెనక్కి మార్చి అక్కడ సిటౌట్ చేసుకోవచ్చా? మా ఆయనా పిల్లలూ అద్దం వైపు, నేను మధ్యలో.
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండమ్మా. ఆవిడ మరిచిపోనిది నేనూ మరిచిపోలేదు.

మాది సీతమ్మధార, మాదీ వాలు మీది ఇల్లే. ఊళ్లోవాళ్లకి ముప్ఫై ఏళ్లు ఇళ్లు కట్టించిన సివిల్ ఇంజనీర్ని, 2012లో సొంత ఇల్లు బాగుచేయించుకునేటప్పుడు నా బుద్ధి గడ్డి తింది. హాలుకి తూర్పున పదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, మధ్యలో పట్టీ అన్నది లేకుండా ఒకే పలక అద్దం పెట్టించాను. మామూలు అద్దమే, ఆరు మిల్లీమీటర్లది. ఇంటికొచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి ఫోటో దిగేవాళ్లు. రెండేళ్లు మురిసిపోయాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం పొద్దున హుద్‌హుద్ గాలికి అది ఒక్కసారిగా హాల్లోకి వచ్చి పడింది. అంతకు ముందే అందరం వంటింట్లోకి వెళ్లిపోయాం కాబట్టి దెబ్బలు తగల్లేదు. కానీ అద్దం పోయిన మరుక్షణం గాలి ఇంట్లోకి జొరబడి, బెలూన్ ఊదినట్టు ఇంటిని లోపల్నుంచి నొక్కింది. వెనక తలుపు గడియతో సహా ఊడి బయటికి పోయింది. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇస్తే అయిపోయిందనుకున్నాం. తర్వాత గాలి దిక్కు మార్చి మళ్లీ వచ్చింది. మా ఇంటికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. సోఫా మడతల్లో గాజుముక్కలు సంక్రాంతి దాకా దొరుకుతూనే ఉన్నాయి.

ఆ పూట అయ్యాక లెక్క వేసుకున్నాను. పెట్టక ముందు వేసుకోవాల్సింది. మన దేశపు గాలి ప్రమాణాల్లో విశాఖకి రాసిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు అడుగు మీద దాదాపు పద్నాలుగు కిలోల బరువుతో నొక్కుతుంది. నా అద్దం డెబ్భై చదరపు అడుగులు. దాదాపు ఒక టన్ను! కొండ వాలెక్కే గాలి ఇంకా ఊపందుకుంటుంది కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే. మీ కాంట్రాక్టరు చెప్పే పదహారు అడుగుల అద్దానికి లెక్క మీరే వేసుకోండి.

గాలి సంగతి అలా ఉంచినా ఆ గోడ తీయకూడదు. మీ స్లాబుని మోస్తున్నదే అది. తీయాలంటే కింద జాకీలు పెట్టి స్లాబుని నిలబెట్టి, ఇనుప దూలం ఎక్కించి, దాని రెండు చివర్లకీ స్తంభాలు వేయాలి. పదహారు అడుగుల పొడవునా పరుచుకున్న బరువంతా రెండు చోట్లకి చేరుతుంది. ఎక్కడ? వాలులో కిందివైపు పునాది మీద. వాలు మీది ఇళ్లలో ఆ వైపు బేస్‌మెంట్ ఎత్తుగా లేపి, లోపల మట్టి నింపుతారు. ఇంట్లో అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన అంచు అదే. చేయలేని పని అని కాదు, చేయించాను కూడా. స్ట్రక్చరల్ ఇంజనీరు పునాది పక్కన గొయ్యి తవ్వి చూసి, లెక్కలు వేసి, సంతకం పెట్టాకే చేయించాను. మీ ఉత్తరంలో కాంట్రాక్టరు ఉన్నాడు గానీ ఇంజనీరు కనపడలేదు.

అసలు సంగతేమిటంటే, మీ సముద్రాన్ని దాచింది ఆ గోడ కాదు. వరండా పిట్టగోడ.

చిన్న పని చేసి చూడండి. హాల్లో మీరు రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోండి. మీ అబ్బాయిని ఓ దారం పట్టుకుని మీ కంటి దగ్గర్నుంచి పిట్టగోడ అంచుకి లాగమనండి. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేలకి సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. పిట్టగోడ మూడున్నర అడుగులు, మీకు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. అంటే పన్నెండు అడుగులకి మీ చూపు దిగేది అర అడుగే! ఆ దారం అలాగే ముందుకు సాగదీస్తే ఒడ్డుకి చాలా అవతల నీళ్లని తాకుతుంది. మీరన్న నీలం గీత అదే. ఒడ్డు, అలలు, రోడ్డు మీది కొబ్బరిచెట్లు అన్నీ ఆ ఇటుకల వెనక ఉన్నాయి. కిటికీకి ఎంత పెద్ద అద్దం పెట్టినా దాని ముందు ఈ ఇటుక అడ్డం అలాగే ఉంటుంది. పదహారు అడుగుల అద్దంలోంచి చక్కగా పిట్టగోడ చూసుకునేవాళ్లు!

కాబట్టి మొదటి సుత్తి దెబ్బ అక్కడ. ఇటుక పిట్టగోడ తీసేసి అదే మూడున్నర అడుగుల ఎత్తున కమ్మీల రెయిలింగ్ పెట్టించండి. ఎత్తు మాత్రం తగ్గించొద్దు. కమ్మీలు నిలువుగా ఉండాలి, మధ్య సందు నాలుగు అంగుళాలు దాటకూడదు. అడ్డకమ్మీలు పెడితే పిల్లలకి నిచ్చెన చేసిచ్చినట్టే. రంగు నలుపో, ముదురు బూడిదో వేయండి. తెల్ల కమ్మీ ఎండకి మెరిసి చూపుని తన దగ్గరే ఆపుకుంటుంది. నల్ల కమ్మీ వెలుతురు ముందు కరిగిపోతుంది, నాలుగు రోజులకి అది ఉందన్న సంగతే మర్చిపోతారు. కిటికీ గ్రిల్స్‌కీ ఇదే మాట. మన ఊరి ఉప్పుగాలికి మామూలు ఇనుము రెండు వానాకాలాలకే పొక్కులు లేస్తుంది. స్టీలు అయితే 304 కాదు, 316 గ్రేడు అని అడగండి. ఖర్చెక్కువ అనిపిస్తే గాల్వనైజ్డ్ ఇనుముకి మంచి ప్రైమర్ కొట్టించి, మూడేళ్లకోసారి రంగు వేయించుకోండి.

రెండోది కిటికీలు. వెలుతురు కావాలంటే కిటికీ పైకి పెరగాలి, చూపు కావాలంటే కిందికి దిగాలి. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉంటే గదిలోకి దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం పగటి వెలుతురు పోతుంది. మీ లింటెల్, అంటే కిటికీ మీది అడ్డదూలం, ఏడడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి పద్నాలుగు అడుగులకి పైగా వెలుతురు వస్తూనే ఉంది. హాలుకి అది చాలు. లేనిది చూపు. కిటికీ కింది ఇటుకని మూడడుగుల నుంచి అడుగున్నరకి దించండి. వెడల్పు ఆ నాలుగడుగులే ఉంచండి. వెడల్పు మార్చకపోతే లింటెల్ జోలికి పోనక్కర్లేదు. కిటికీ కిందున్న ఇటుకలు స్లాబుని మోయడం లేదు, తీసినా ఇల్లు పట్టించుకోదు. తాపీ మేస్త్రికి కిటికీకి ఒక్కరోజు పని. బయట వరండా ఉంది కాబట్టి పిల్లలు పడిపోతారన్న భయమూ లేదు. దివాన్ కాట్ మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న అత్తయ్యగారికి కూడా అలలు కనపడతాయి, అప్పుడు ఆవిడ ఏ వైపుంటారో చూద్దాం.

అద్దం లామినేటెడ్ తీసుకోండి. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది, రాలదు. టఫెండ్ గట్టిదే, కానీ పగిలితే మొత్తం గుళికలుగా రాలిపోయి కిటికీ ఖాళీ అవుతుంది. ఒకసారి తయారయ్యాక కోయడానికీ కుదరదు, అర అంగుళం కొలత తప్పితే డబ్బు నీళ్లపాలు. ఏదైనా సరే, మూడున్నర అడుగుల వెడల్పు దాటిన ఒక్క పలక నేనిక ఎవరింటికీ పెట్టించను. అది ఏ పుస్తకంలోనూ లేని రూలు, మా సోఫా నేర్పింది.

తూర్పు ఎండకి సన్‌షేడ్ పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నరకే అది ఏటవాలుగా నేరుగా మంచం మీదికి వస్తుంది. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. వరండా బయటి అంచుకి వెదురు చిక్కులు, అంటే చుట్టి పెట్టుకునే వెదురు తెరలు, కట్టించండి. పది దాటాక చుట్టి పైకి కట్టేసుకోవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే అవి విప్పి లోపల పెట్టేయడం మరవద్దు. వరండానే ఎత్తేసి హాలు పెంచుకుందామని తర్వాత ఎవరో ఒకరు చెబుతారు, వినకండి. ఎండకీ వాన జల్లుకీ ముందు ఎదురు నిలిచేది ఆ నాలుగడుగులే. పాత వాల్తేరు బంగళాలకి చుట్టూ వరండాలు అందం కోసం కట్టలేదు.

ఇప్పుడు వెనక గదులు. నన్నడిగితే ఖర్చు ముందు అక్కడ పెట్టాలి. మీరు పంపిన ఫోటోల్లో ఇంటికీ కొండ గోడకీ మధ్య మూడడుగుల సందు, దాని మీద సిమెంటు రేకు, కింద పాత బకెట్లు, విరిగిన మంచం, నాచు కనపడ్డాయి. రేకు తీసేయండి, సామాను అమ్మేయండి. కొండ గోడకి నీళ్లు పోవడానికి అప్పట్లో పైపు ముక్కలు వదిలి ఉంటారు. అవి మట్టితో పూడిపోయి ఉంటాయి, చువ్వతో పొడిపించండి. మన కొండలు ఖొండలైట్ అనే రాయి. గట్టిగా కనపడుతుంది గానీ, ఏళ్ల తరబడి నాని శిథిలమైన చోట ఎర్రమట్టిలా చేతికి రాలిపోతుంది. వాన నీరు దానిలోకి ఇంకి గోడ వెనక నిలబడితే, గోడని తోసేది మట్టి బరువు కంటే ముందు ఆ నీటి బరువే. గోడ తల మీద, కొండ వైపు, అడుగు వెడల్పు కాలువ కట్టి నీటిని పక్క నుంచి కిందికి దింపండి. సందులోనూ ఓ కాలువ తీయండి. మీ పడగ్గదుల చెమ్మలో ముప్పాతిక వంతు దీనితోనే పోతుంది. వాటర్‌ప్రూఫ్ రంగుల డబ్బాలు కొనేది దాని తర్వాతే. జూన్ వానలకి ముందే ఈ పని అవ్వాలి.

ఆ తర్వాత కొండ గోడకి తెల్ల సున్నం కొట్టించండి. ఎండ పైనుంచి ఆ తెల్లగోడ మీద పడి, మూడడుగుల అవతల ఉన్న మీ కిటికీలోకి తిరిగి వస్తుంది. రెండు వందల రూపాయల సున్నం చేసే పని రెండు ట్యూబులైట్లు చేయలేవు. తేమ ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం గది నేలలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. పది, పన్నెండు అడుగుల గదికి అది ఇరవై చదరపు అడుగులు. మీకున్నది పన్నెండు. మిగతాది పక్కకి వెతక్కండి, లింటెల్‌కీ స్లాబుకీ మధ్య పొడుగాటి వెంటిలేటర్లుగా తీయించండి, వాటి మీద చిన్న లింటెల్ వేయించి. వెలుతురు పైనుంచి వస్తే గది లోపలి గోడ దాకా పోతుంది, వేడిగాలి కూడా అటే బయటికి పోతుంది. సింహాచలం కొండల కోతులు మీ దాకా వస్తాయో లేదో గానీ, వలజాలీ తప్పనిసరి.

వంటిల్లు కదపకండి. వాస్తు పట్టింపు నాకు పెద్దగా లేదు. కానీ పడమట ఎత్తు, తూర్పు పల్లం, ఆగ్నేయంలో పొయ్యి అని వాస్తు పండితులు కలలుగనే స్థలం మీకు కొండే ఇచ్చింది, చెడగొట్టడం ఎందుకు? నా కారణం వేరే ఉంది. మీ ఇంట్లో మెలకువగా, నిలబడి, అన్నిటికంటే ఎక్కువ సేపు ఉండేది ఎవరు, ఏ గదిలో? మంచి వ్యూ ఉన్న మూలని ఆదివారం సాయంత్రం అరగంట కూర్చునే సిటౌట్‌కి ఇచ్చి, రోజుకి నాలుగు గంటలు వంట చేసే మనిషిని వెనక చీకటి గదికి పంపుతారా? తూర్పు గోడకి ప్లాట్‌ఫారం, దాని మీంచి లింటెల్ దాకా కిటికీ పెట్టించండి. కిటికీ ఎదురుగా సింకు, కూరలు తరిగే చోటు రావాలి. పొయ్యి మాత్రం పక్కకి, గోడ ఉన్న వైపు జరపండి, లేకపోతే మధ్యాహ్నం పైరగాలికి మంట నిలవదు. పొయ్యి జరిపినా ముఖం తూర్పుకే ఉంటుంది, అత్తయ్యగారికి ఆ మాట కూడా చెప్పండి.

ప్రశ్న: విజయవాడ మొగల్రాజపురంలో కొండ మెట్ల మీద మా ఇల్లు. వెనక గోడ కొండకి ఆనుకుని ఉంది, గాలీ వెలుతురూ లేవు. వెనక ఆరడుగులు కొండ తవ్వి ఖాళీ చేస్తే కిటికీలు పెట్టుకోవచ్చని మేస్త్రి అంటున్నాడు. ఎంత లోతు తవ్వొచ్చు?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఒక్క అంగుళం కూడా వద్దు బాబూ. 2024 ఆగస్టు 31న మీ మొగల్రాజపురంలోనే వానకి కొండరాళ్లు విరిగి ఇళ్ల మీద పడి మనుషులు పోయారు, మీకు నేను చెప్పాలా? వాలు కాలి దగ్గర మట్టి తీయడమంటే పైనున్న రాళ్ల కింద పీట లాగేయడమే. అలా తవ్వాలంటే భూసాంకేతిక ఇంజనీరు వచ్చి రాతి పొరలు ఎటు వాలి ఉన్నాయో చూడాలి, ఆధారపు గోడ లెక్కగా కట్టాలి, నగరపాలక సంస్థ అనుమతి ఇవ్వాలి. మేస్త్రి గడ్డపలుగుతో తేలే పని కాదు.

వెలుతురు మీకు పైనుంచి తీసుకోవడమే మార్గం. మన మండువా ఇళ్లలో నడిమింటికి వెలుతురు ఎక్కడి నుంచి వచ్చేది? కప్పులోంచే కదా. వెనక గది స్లాబులో కమ్మీలకి దెబ్బ తగలని చోటు ఇంజనీరు చేత గుర్తు పెట్టించి, రెండడుగుల చదరం గవాక్షం తీయించండి. చుట్టూ తొమ్మిది అంగుళాల గట్టు కట్టి, దాని మీద లామినేటెడ్ అద్దం కాస్త వాలుగా కూర్చోబెట్టాలి. గట్టులో ఉత్తరం వైపు జాలీ వదిలితే వేడి బయటికి పోతుంది. బెజవాడ ఎండ మీకు తెలుసు కాబట్టి మే నెలకి అద్దం మీద సగం తడిక పరిచేయండి. పై నుంచి రాళ్లు దొర్లే చోటైతే మాత్రం గవాక్షం కూడా వద్దు. వానాకాలంలో ఆ వెనక గదిలో ఎవరూ పడుకోకండి.

ప్రశ్న: హైదరాబాద్ ఖాజాగూడ వైపు మా స్థలంలో ఇంటి ముందు ఓ పెద్ద రాతి గుండు ఉంది. కిటికీకి అడ్డమని బ్లాస్టింగ్ చేయిద్దామనుకుంటున్నాం. మీ సలహా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మీ ఇంటికి పది, ఉంటే పదిహేను. ఎవరు ఎవరికి అడ్డం? ఎటు వైపు ఉందో మీరు రాయలేదు. ఉత్తరాన ఉంటే దానిమీద పడిన వెలుతురే మీ గదిలోకి వస్తుంది, ఉంచేయండి. పడమట ఉంటే పగలంతా తాగిన ఎండని రాత్రి పదకొండింటి దాకా మీ పడగ్గదిలోకి వదులుతుంది. అప్పుడు దాని ముందు గానుగ మొక్క ఒకటి నాటి, పడగ్గది తూర్పుకి మార్చుకోండి. కిటికీని రెండడుగులు పక్కకి జరిపించే ఖర్చెంతో కూడా మేస్త్రిని అడగండి, బ్లాస్టింగ్ కంటే తక్కువే అవుతుంది.